జేబులో హాజరుపట్టీ

ఇటీవల ఒక అధ్యాపక సదస్సులో ఉద్యోగ భద్రత గురించీ, జీతాల బకాయిల గురించీ తీర్మానాలు రాస్తూ వుండగా ఒక యువ అధ్యాపకురాలు లేచి మరొక అంశం చేర్చమన్నది. యాజమాన్యం వాట్సాప్ గ్రూపులో రాత్రి పదిన్నరకు పెట్టిన సందేశాన్ని ఎవరెవరు చూశారో, ఎన్ని గంటలకు చూశారో జాబితా తీసి, చూసి కూడా జవాబివ్వనివాళ్ళను మర్నాడు సంజాయిషీ అడుగుతున్నారనీ, దీన్ని సంఘం ఖండించాలనీ ఆమె కోరింది. వేదిక మీద వున్న మిత్రుడొకరు, ఉద్యమంలో తలపండినవారు, నాకు గౌరవపాత్రులు, నవ్వి ఇలా అన్నారు: "అమ్మా, జనం కూటికి అల్లాడుతుంటే నీ ఫోనులో నీలి టిక్కుల గొడవేమిటి? ప్రైవసీ అనేది బూర్జువాల బెంగ. ఇష్టం లేకపోతే సెట్టింగు మార్చుకో." సభలో కొందరు నవ్వారు. ఆమె కూర్చున్నది. తీర్మానం రాలేదు.

ఆ నవ్వుకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. ఇది చిన్న విషయమనీ, ఇది బూర్జువా విషయమనీ, వ్యక్తి తనంతట తాను దిద్దుకోగల విషయమనీ మిత్రుడు మూడు మాటలన్నారు. మూడూ తప్పులే. అవి ఆయన ఒక్కరి తప్పులు కావు. వామపక్షంలో వున్న మనలో చాలామందిమి ఇలాగే ఆలోచిస్తున్నాం. అందుకే వాటిని ఒక్కొక్కటే విప్పి చూడటం అవసరం.

ముందుగా వస్తువును పరిశీలిద్దాం. పేరు పక్కన పచ్చచుక్క, 'ఆన్‌లైన్' అనే మాట, 'చివరిసారి చూసినది' అనే గడియారం, చదివినట్లు తెలిపే నీలి టిక్కులు: ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. నేను ఏమి మాట్లాడానన్నది వీటికి అక్కరలేదు. నేను వున్నానా, మేలుకున్నానా, చేతిలో ఫోను వున్నదా, చెప్పింది విన్నానా అన్నదే వీటికి కావలసింది. మాటను తాళంవేసి భద్రపరచవచ్చు. వాట్సాప్ 2016 నుంచి ఆ పని చేస్తున్నానంటున్నది. కాని మాట మీద ఎంత పెద్ద తాళం వేసినా మనిషి మీద వేసిన ఈ కన్ను మూతపడదు.

ఈ ఏర్పాటు పుట్టుకలో పాపమేమీ లేదు. 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాలలో లెస్ ఎర్నెస్ట్ అనే శాస్త్రజ్ఞుడు 'ఫింగర్' అనే ప్రోగ్రాము రాశాడు. ఒకే కంప్యూటరును పంచుకుని పనిచేసే సహచరుల్లో ఎవరు పనిలో వున్నారు, ఎవరు ఎంతసేపటి నుంచి మీట ముట్టలేదు అన్నది అది చూపేది. తోటివాడు సీట్లో వున్నాడని తెలిస్తే వెళ్ళి మాట్లాడవచ్చు. 1996లో ఐసీక్యూ, ఆ వెనుక యాహూ మెసెంజరు ఇదే సౌకర్యాన్ని లోకమంతటికీ పంచాయి. మన పట్టణాల్లో ఇంటర్నెట్ కేఫుల్లో గంటకింత అని ఇచ్చి కూర్చున్న తరానికి యాహూలో పేరు పక్కన పసుపుపచ్చ ముఖం వెలగడం గుర్తుండే వుంటుంది. అమెరికాలో కొడుకు నిద్రలేచాడని తల్లికి తెలిసేది ఆ వెలుగు వల్లనే. ఎవరికీ కనబడకుండా కూర్చునే వీలు కూడా అందులో వుండేది. పైగా కేఫులోంచి లేచి వస్తే మనిషి అందులోంచి కూడా లేచి వచ్చినట్లే.

2009లో వాట్సాప్ వచ్చింది. అది మొదట మొదలైందే పేర్ల పక్కన ఎవరి స్థితి ఏమిటో చూపడానికి. సందేశాలు తరవాత చేరాయి. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం నవంబరులో నీలి టిక్కులు వచ్చాయి. ఈలోగా ఫోను జేబులోకి వచ్చింది, జేబులోంచి దిండు కిందికి చేరింది. లేచి బయటికి వచ్చే కేఫు ఇప్పుడు లేదు. సమానుల మధ్య పలకరింపుగా పుట్టినది, అసమానుల మధ్యకు వచ్చేసరికి హాజరుగా మారింది. ప్రయోగశాలలో సహచరుడు సహచరుణ్ణి చూశాడు. ఇక్కడ ప్రిన్సిపాలు గెస్టు లెక్చరరును చూస్తాడు, మేనేజరు గుమాస్తాను చూస్తాడు, అన్న చెల్లెల్ని చూస్తాడు, భర్త భార్యను చూస్తాడు. చుక్క అదే, రంగు అదే. మారింది సామాజిక సంబంధం. యంత్రాన్ని మాత్రమే చూసి సంబంధాన్ని చూడనివాడు దీన్ని 'చిన్న విషయం' అంటాడు.

హాజరు అన్న మాట నేను అలంకారానికి వాడటం లేదు. తెలుగునేల మీద ఆ మాటకు చరిత్ర వున్నది. తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఫలానా కులంలో పుట్టడమే నేరమని ముద్రవేసి, ఎరుకలవారి వంటి జాతులను సెటిల్‌మెంట్లలో పెట్టారు. నాటి గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువార్టుపురం అటువంటిది. అక్కడి మనిషి నిర్ణీత వేళల్లో హాజరు చెప్పుకోవాలి. అనుమతి లేకుండా పొలిమేర దాటరాదు. దొంగతనం చేశాడా లేదా అన్నది ఎవరూ అడగలేదు. పిలిచినప్పుడు పలికాడా లేదా అన్నదే అడిగారు. ఆ హాజరు వెనుక నీతిబోధ ఒక్కటే లేదు. చీరాలలోని పొగాకు కంపెనీకి స్టువార్టుపురం నుంచి చౌక కూలీలు వెళ్ళేవారు. పారిపోలేని మనిషి చౌకగా దొరుకుతాడు. హాజరుకూ కూలిరేటుకూ మధ్య ఈ ముడి అప్పుడే పడింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ముడి మాత్రం విడలేదు.

ఇప్పుడు నా అనుభవం. ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో నాలుగేళ్ళు పనిచేశాను. పీరియడు లెక్కన జీతం, సెలవుల్లో జీతం లేదు, ఏటా జూన్‌లో మళ్ళీ దరఖాస్తు. సిబ్బంది గ్రూపులో సందేశాలకు వేళాపాళా వుండేది కాదు. ఆదివారం తెల్లవారుజామున ఒకటి, అర్ధరాత్రి ఒకటి: ఫలానా పిల్లవాడి ఫీజు రాలేదు, తండ్రికి ఫోను చెయ్యండి, ఫలానా ప్రకటన మీ స్టేటసులో పెట్టండి. గ్రూపులో ఎవరు చదివారన్నది పంపినవాడికి పేరుపేరునా గంటా నిమిషాలతో సహా కనబడుతుంది. జూన్‌లో దరఖాస్తులు తిరగేసేటప్పుడు నా సహోద్యోగి ఒకరితో అన్నారు: "మీరు పాఠం బాగానే చెపుతారు, గాని గ్రూపులో స్పందన తక్కువ." ఆయనకు ఆ సంవత్సరం ఉద్యోగం లేదు. భాషాశాస్త్రంలో ఆయనంత చదివినవాడు ఆ కళాశాలలో మరొకడు లేడు. ఆయన అర్హతపత్రాలన్నిటికంటే బరువైన పత్రం, ఆయన ఎన్నడూ సంతకం పెట్టని ఆ జాబితా.

దీనికి మన మిత్రుడి జవాబు: సెట్టింగు మార్చుకో. ఈ సలహా ఎంత డొల్లదో చూడండి. నీలి టిక్కులు ఆపుకునే వీలు వాట్సాప్‌లో వున్నమాట నిజమే. కాని అది ఇద్దరి మధ్య సంభాషణకే; గ్రూపులకు వర్తించదు. అధికారం చలాయించేది ఎక్కడ? గ్రూపులోనే. అక్కడ తలుపు పెట్టలేదు. 'ఇప్పుడు ఆన్‌లైన్' అన్నదాన్ని దాచుకునే వీలు 2022 ఆగస్టు దాకా ప్రకటించనే లేదు. అంటే పదమూడేళ్ళపాటు ఆ తలుపు కూడా లేదు. ఇప్పుడు వున్నా, ఇల్లు ముందు తెరిచే వుంటుంది. మూసుకోవలసిన భారం మనది. ఎక్కడ మూయాలో వెదికి తెలుసుకోగలిగినవాడు మూసుకుంటాడు. అంగన్‌వాడీ ఆయా మూసుకోదు, తొలిసారి ఫోను పట్టిన పిల్ల మూసుకోదు.

మరొక నిబంధన వున్నది. నువ్వు ఆన్‌లైన్‌లో వున్నదీ, చివర చూసినదీ దాచుకుంటే ఇతరులవి నువ్వు చూడలేవు. చూపించు, చూడు, దాచు, నీకూ దాస్తాం. పైకి ఎంత న్యాయంగా కనబడుతుందో! బూర్జువా సమానత్వమంతా ఈ పోలికదే. యజమాని, కూలి ఇద్దరూ స్వేచ్ఛగా ఒప్పందం చేసుకుంటారని చెప్పినట్లే ఇది. ప్రిన్సిపాలు ఎప్పుడు మేలుకున్నాడో చూసే హక్కు నాకు దేనికి? ఆయన రాత్రి పన్నెండుకు ఆన్‌లైన్‌లో వుంటే నేను సంజాయిషీ అడగగలనా? ఆయన నన్ను చూస్తే నా ఉద్యోగం కదులుతుంది. నేను ఆయన్ను చూస్తే ఏమీ కదలదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత తెలిసిన జాతికి ఈ 'పరస్పరత' ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు. పైగా అసమానుల మధ్య దాచుకోవడం కూడా ఒక సాక్ష్యమే అవుతుంది. "టిక్కులు ఎందుకు ఆపేశావు?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. తలుపు వేసుకున్నందుకే దొంగవయ్యే ఇంట్లో తలుపు వున్నా లేనట్లే.

ఈ ప్రశ్న ఎవరి ప్రాణం మీదికి ఎలా వస్తుందో మరొకటి చెప్పాలి. నా తరగతిలో రెండో సంవత్సరం బి.ఏ. చదివే అమ్మాయి వుండేది. కూలికుటుంబం నుంచి వచ్చి హాస్టలులో వుండి చదివేది. పరీక్షల ముందు నేను తరగతి గ్రూపులో నోట్సు పెట్టాను. పగలు తీరిక దొరకక రాత్రి పన్నెండు దాటాక పెట్టాను. పిల్లలు చదివారు. నాలుగు రోజుల తరవాత ఆ అమ్మాయి అన్న కళాశాలకు వచ్చాడు. చేతిలో ఫోను. చెల్లెలు ఏ రాత్రి ఎన్ని గంటలకు ఆన్‌లైన్‌లో వున్నదో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాడు. "ఒంటిగంటకు దీనికి ఫోనుతో ఏం పని సార్?" అన్నాడు. నోట్సు పంపింది నేనే బాబూ, కావలిస్తే చూసుకో అని నా ఫోను చూపించాను. చూశాడు. "మీరు పంపింది పన్నెండూ పదికి. అది ఒంటిగంట దాకా వున్నది" అన్నాడు. చదవడానికి యాభై నిమిషాలు పడుతుందన్న మాట అతని ముందు నిలవలేదు. ఆ వేసవిలో పెళ్ళి చేశారు. ఆమె మూడో సంవత్సరం చదవలేదు.

ఆ అన్నను నేను రాక్షసుణ్ణి చెయ్యను. అతనూ కూలివాడే, చెల్లెలి ఫీజు కట్టినవాడే. పితృస్వామ్యం అతని చేతికి ఏనాడో కర్ర ఇచ్చింది. కంపెనీ దానికి గడియారం తగిలించింది. ఇదివరకు ఆడపిల్లను అనుమానించడానికి ఎవరో ఒకరు చాడీ చెప్పాలి, చెప్పినవాడు అబద్ధాలకోరు కావచ్చునన్న సందేహం వుండేది. ఇప్పుడు చాడీ యంత్రమే చెపుతుంది, నిమిషాలతో సహా. అది చెప్పింది నిజమే గనక, దాని మీద కట్టుకున్న అబద్ధం కూడా నిజమే అనిపిస్తుంది. ఒకరు ఎప్పుడెప్పుడు ఆన్‌లైన్‌కు వస్తున్నారో రాత్రింబవళ్ళు నమోదు చేసిపెట్టే యాప్‌లు కూడా బజారులోకి వచ్చాయి. వాటి గిరాకీ అంతా అనుమానం మీదనే.

'దాచుకునేదేమీ లేనివాడికి భయమెందుకు' అనేవాళ్ళు ఈ కథను మరొకసారి చదవాలి. ఆ అమ్మాయి దాచింది ఏమీ లేదు. ఆమెను శిక్షించింది ఆమె చేసిన పని కాదు, ఆమె మేలుకుని వుండటం. 2014లో జర్మనీలోని ఊల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 19 మంది వాట్సాప్ వాడకందార్లను వారి అనుమతితోనే నాలుగు వారాలు గమనించారు. సందేశాలు చదవలేదు, ఆన్‌లైన్‌కు రావడం, పోవడం మాత్రమే నమోదు చేశారు. అంతమాత్రం చేతనే ఎవరి దినచర్య ఏమిటో, ఏ రోజు అది తప్పిందో, పనివేళల్లో ఎవరు ఫోను పట్టుకున్నారో తెలిసింది. ఇద్దరి రాకపోకల వేళలను పక్కపక్కన పెడితే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నదీ వూహించడానికి వీలయింది. ఒట్టి చుక్క ఇంత చెపుతుంది. చెప్పనిదాన్ని చూసేవాడి బుద్ధి పూరిస్తుంది.

ఇక అసలు వాదానికి వద్దాం. ప్రైవసీ బూర్జువా భావమా?

ఈ భ్రమకు కారణం కొంత మాటలోనే వున్నది. ప్రైవేటు ఆస్తి, ప్రైవేటు కళాశాల, ప్రైవేటు ఆసుపత్రి: ఈ వరసలో ప్రైవసీని కూడా చేర్చి, ఆస్తికి వ్యతిరేకులం గనక దీనికీ వ్యతిరేకులమనుకుంటున్నాం. తెలుగులో 'గోప్యత' అన్నాం. అందులో ఏదో దాచిపెడుతున్న ధ్వని వున్నది. పండితులు పుట్టించిన ఆ మాటను పక్కన పెట్టి పేదవాళ్ళ మాట వెదికితే 'మరుగు' దొరుకుతుంది. ఒంటిగది గుడిసెలో కోడలు చీర మార్చుకోవడానికి మరుగు కావాలి. దొడ్డి లేని వాడలో ఆడవాళ్ళు మరుగు కోసం పొద్దు గుంకేదాకా కడుపు బిగబట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ముందుకు వెళ్ళి ఇది బూర్జువాల బెంగ అని చెప్పగలమా? ధనవంతుడికి మరుగు కొత్తగా అడగవలసిన హక్కు కాదు. ప్రహరీగోడ, గేటు, కాపలావాడు, కార్యదర్శి, ఇవన్నీ అతని మరుగే. అతను ఆన్‌లైన్‌లో వున్నాడో లేదో చూసే అవసరం అతని ఫోను ఎత్తే గుమాస్తాకే వుంటుంది. మరుగు లేనిది పేదవాడికి. లేనివాడు అడిగేదాన్ని వున్నవాడి విలాసమనడం వర్గదృష్టి కాదు. దాన్ని తలకిందులు చేయడం.

న్యాయస్థానాల చరిత్రలో కూడా ఈ చిక్కుముడి వున్నది. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసు తీర్పు చెప్పింది. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేసిన మనిషి అతను. ఐనా ఉత్తరప్రదేశ్ పోలీసులు అతని పేర చరిత్రపత్రం తెరిచి, రాత్రిళ్ళు తలుపు తట్టి 'వున్నావా' అని చూసి పోయేవారు. వున్నాడా, లేడా: పచ్చచుక్క అడిగే ప్రశ్న అదే. రాత్రి తలుపు తట్టడం చెల్లదని న్యాయమూర్తులు అన్నారు. కాని వెన్నంటి కనిపెట్టడంలో తప్పులేదని, ప్రైవసీ మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఎక్కువమంది తేల్చారు. రాజమండ్రిలో పుట్టిన మన తెలుగువాడు జస్టిస్ కోకా సుబ్బారావు వొప్పుకోలేదు. కనిపెట్టి వుండే కన్ను శరీరాన్ని ఆపకపోయినా మనసును కట్టివేస్తుందనీ, ఆ నీడలో తిరిగేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదనీ, ఆ నిబంధన మొత్తం చెల్లదనీ రాశారు. 55 ఏళ్ళ తరవాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు.

ఆ సుబ్బారావే 1967లో గోలక్‌నాథ్ కేసులో భూసంస్కరణల దారికి అడ్డుతగిలే తీర్పు చెప్పారు. వామపక్షం ఆయన మీద మండిపడింది. మండిపడటం న్యాయమే. కాని ఆ కోపంలో ఆయన 1967లో కాపాడిన భూస్వామి పొలాన్నీ, 1962లో కాపాడబోయిన అనుమానితుడి రాత్రినీ ఒకే మూటలో కట్టి పారవేశాం. పొలం పదిమంది శ్రమను ఒకడి చేతిలో పెడుతుంది. రాత్రి ఎవడి శ్రమనూ దోచదు. దోపిడీ తరవాత మనిషికి మిగిలిన కాస్త అది. ఈ తేడా మనకు ఎరుక వుండవలసింది. నిర్బంధకాలంలో డెన్లలో తలదాచుకుని, కొరియర్ల ప్రాణాల మీద ఉత్తరాలు నడిపిన ఉద్యమానికి వారసులం మనం. ఎవడు ఎక్కడ వున్నాడన్న ఒక్క సమాచారానికి ఎంత ఖరీదు వుంటుందో మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

కాబట్టి ఈ సమస్యను వ్యక్తిస్వేచ్ఛ పేర వేదాంతంగా చర్చించడం నా వుద్దేశం కాదు. ఇది పనిగంటల సమస్య. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయం మనం విద్యార్థులకు చెపుతూనే వుంటాం. భోజన విరామంలోంచి, పొద్దుటి గంటకు ముందునుంచి, సాయంత్రపు గంట తరవాత నుంచి నిమిషాలు కొట్టేసే మిల్లుయజమానుల కథలు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లోంచి తీసి మార్క్స్ అందులో పెట్టాడు. నిమిషాల చోరీ ఈనాడు పడకగది దాకా వచ్చింది. రాత్రి పదిన్నర సందేశం పని. దాన్ని చదవడం పని. చదివి జవాబు రాయడం పని. చదవకుండా వుండాలా వద్దా అని మథనపడటం కూడా పనే. దేనికీ కూలి లేదు. టిక్కు నీలిరంగు తిరిగిన క్షణాన ఫ్యాక్టరీ గంట మోగినట్లే.

కార్యాలయాల్లో ఈ కథ ఇంకా ముదిరింది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ వంటి వాటిలో కొద్ది నిమిషాలు మీట ముట్టకపోతే పచ్చచుక్క పసుపు తిరుగుతుంది. ఆలోచించడం దానికి పనిగా కనబడదు. మీట నొక్కడమే పని. అందుకని మౌసును దానంతటది కదిలించే పరికరాలు పుట్టాయి. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, మీటలు నొక్కుతున్నట్లు నటించారని పన్నెండుమందికి పైగా వుద్యోగులను తీసివేసింది. నటించేటట్లు చేసిన ఏర్పాటును మాత్రం ఎవరూ తీసివేయలేదు. హైదరాబాదులో ఆ చుక్క కింద బతుకుతున్న మన విద్యార్థులు ఎందరో వున్నారు. మనం వారికి ఛందస్సు చెప్పాం, ఈ చుక్కను గురించి చెప్పలేదు.

ఇదంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళ బాధ అనేవారికి మరొక దృశ్యం. 2023 జనవరి 1 నుంచి గ్రామీణ ఉపాధి హామీ పనుల్లో కూలీలకు రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నలు అందక, యాప్ తెరుచుకోక, చేసిన పనికి కూలి పోయినవాళ్ళు వున్నారు. దీనికి వ్యతిరేకంగా ఆ సంవత్సరం ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద కూలీలు నెలల తరబడి ధర్నా చేశారు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయులకు ముఖాన్ని గుర్తించే హాజరు తెచ్చింది, అదీ వారి సొంత ఫోన్లలో. మట్టి మోసే కూలీ, పాఠం చెప్పే మాస్టారు, కీబోర్డు కొట్టే కుర్రవాడు, ముగ్గురూ ఒకే కంటి ముందు నిలబడ్డారు. ముగ్గురినీ ఒక్కటి చేయగల సమస్యను మనం మధ్యతరగతి గొడవ అని కొట్టివేస్తున్నాం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు నిజాయితీగా జవాబు చెప్పాలి. బడికి రాని మాస్టారు లేడా? వున్నాడు. వాణ్ణి ప్రశ్నించే హక్కు పిల్లల తల్లిదండ్రులకు లేదా? నిశ్చయంగా వున్నది. పనివేళల్లో పనిచోట వుండటం గురించి జవాబు చెప్పుకోవడానికి ఏ శ్రమజీవీ సిగ్గుపడడు. ప్రశ్న హాజరు వుండాలా వద్దా అని కాదు. దానికి పొలిమేర ఎక్కడ అన్నది. బడిగంట మోగాక కూడా మోగే హాజరు హాజరు కాదు, కట్టుబానిసత్వం. జవాబుదారీ కింది నుంచి పైకే ఎందుకు ప్రవహించాలన్నది రెండో ప్రశ్న. పౌరుల సమాచార రక్షణ అనే పేరుతో 2023లో చేసిన చట్టం, సమాచార హక్కు చట్టంలోని ఒక నిబంధనను సవరించి, అధికారుల గురించి ప్రజలు అడగగలిగిన వివరాల మీద మూత బిగించింది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అదే చట్టం ప్రభుత్వానికి విస్తారమైన మినహాయింపులు ఇచ్చింది. పైవాడికి తెర, కిందివాడికి దీపం! కంచె ఎటువైపు కట్టారో చూస్తే చేను ఎవరిదో తెలుస్తుంది.

బయట ఏమి జరుగుతున్నది? పని వేళలు దాటాక సంబంధం తెంచుకునే హక్కును ఫ్రాన్సు 2017 జనవరి నుంచి అమలులో పెట్టింది. పనివేళల తరవాత యజమాని వుద్యోగిని కదపరాదని పోర్చుగల్ 2021లో చట్టం చేసింది. ఆస్ట్రేలియాలో ఆ హక్కు 2024 ఆగస్టులో వచ్చింది. అవన్నీ పెట్టుబడిదారీ దేశాలే. అక్కడి శ్రామికులు పోరాడి ఆ మేరకు గుంజుకున్నారు. మన పార్లమెంటులో సుప్రియా సూలే 2018లో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఇటు చూస్తే 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిపరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణలకు ఆమోదం తెలిపింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. గడియారంలో కనబడే పదిగంటలను ఖండిస్తూ మనం ప్రకటనలు చేశాం. గడియారంలో కనబడని పదకొండో గంట, పన్నెండో గంట మన జేబుల్లోనే వున్నాయి. వాటి మీద ఒక్క తీర్మానం లేదు.

చివరగా మన ఇల్లు మనం చూసుకోవాలి. మన సంఘాల గ్రూపుల్లో జరుగుతున్నదేమిటి? "సందేశం 40 మంది చూశారు, స్పందించింది ఐదుగురు, మిగిలినవారి నిబద్ధత అర్థమవుతున్నది" అని రాసిన కార్యదర్శిని నేనెరుగుదును. ఒప్పుకుంటున్నాను, ఒకసారి ఆ మాట రాసింది నేనే. ధర్నాకు జనం రాకపోతే ఎందుకు రాలేదో ఇంటికి వెళ్ళి అడగవలసినవాణ్ణి, కుర్చీలోంచి కదలకుండా టిక్కులు లెక్కపెట్టాను. యాజమాన్యపు అలవాటు ఉద్యమపు అలవాటుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఆ రాత్రి పిల్లలకు నోట్సు పంపేటప్పుడు కూడా ఎవరెవరు చదివారా అని నేను జాబితా తెరిచి చూశాను. అన్న చూసిన గడియారాన్నే గురువు కూడా చూశాడు. ఈ వ్యాసంలోని కోపంలో కొంత నామీద నాకున్నదే.

నా ప్రతిపాదనలు ఇవి. పనివేళల తరవాత వచ్చిన సందేశానికి జవాబివ్వకపోవడం నేరం కాదని సర్వీసు నిబంధనల్లో రాయించాలి. చదివిన వేళల జాబితాను ఏ మెమోకూ, ఏ నియామకానికీ ఆధారంగా తీసుకోరాదు. యాజమాన్యానికి యాప్ కావలిస్తే ఫోను యాజమాన్యమే ఇవ్వాలి. మా సొంత ఫోను మా ఇంటి గుమ్మం. ఈ చుక్కలూ గడియారాలూ ముందుగా ఆరిపోయి వుండాలి, కావలసినవాడు వెలిగించుకోవాలి. దీన్ని కంపెనీల దయకు వదలకుండా చట్టం చేయాలి. ఇవన్నీ ఇతరులను అడగడానికి ముందు, మన సంఘాల గ్రూపుల్లో ఎవరు చదివారన్న లెక్క తీయబోమని మనం తీర్మానించుకోవాలి.

వచ్చే సదస్సులో ఆ అధ్యాపకురాలు తన తీర్మానాన్ని మళ్ళీ ప్రతిపాదిస్తారు. నేను బలపరుస్తాను. మన మిత్రులు తమ వాదాన్ని లేచి చెప్పాలి, మేము వింటాం. నవ్వదలచినవారు ముందు జవాబు చెప్పి ఆ తరవాత నవ్వాలి.